పాప ఇంగ్లీషు వ్యాసం ‘చదవబుద్ధి కావట్లేదట’, కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా పాప పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ మ్యాగజైన్‌కు ఇంగ్లీషులో వ్యాసం రాసిస్తే, ‘తప్పులు తక్కువే కానీ చదవబుద్ధి కావట్లేదు’ అని మేడం తిరిగిచ్చేశారట. అప్పటినుంచి డల్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో 3 నెలల కంటెంట్ రైటింగ్ కోర్సు ఉంది, ఫీజు 35 వేలు, ఇంట్లో కూర్చొని సంపాదించవచ్చు అంటున్నారు. అందులో చేర్చాలా, డిగ్రీ అయ్యాక ఎంఏ ఇంగ్లీషు చదివించాలా? లేక విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ ఇప్పిస్తే రాయడం వస్తుందా? వ్యాసం కూడా పంపుతున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి, మూడూ ఏ కోర్సులో వేయాలి అన్నవే. కానీ ‘తెలుగు మీడియం’ అన్న మాట కింద మీరు రెండుసార్లు గీత గీశారు. అసలు దిగులు అక్కడుంది. ఆ రోజు అప్పో సప్పో చేసి కాన్వెంట్లో వేసుంటే పాపకు ఈ గతి పట్టేది కాదు కదా అని. గుంతకల్లు, రాయదుర్గం, కళ్యాణదుర్గం నుంచి వచ్చే నాయనలు నా ఎదురుగా కూర్చున్నంతసేపూ కోర్సుల పేర్లు అడుగుతారు. ఈ మాట మాత్రం వెళ్లిపోయేటప్పుడు, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అంటారు. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

మీరు పాప బతుకేమీ పాడు చేయలేదు. మేడం ఏమన్నారో మళ్లీ చూడండి. తప్పులు తక్కువే అన్నారు. అంటే ఇంగ్లీషు రాలేదని వెనక్కి పంపిన వ్యాసం కాదది. అందులో ఆ పిల్ల ఎక్కడా కనపడలేదు, అంతే. ఈ జబ్బు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషులో చదివిన పిల్లలకూ ఉంది. వాళ్లకు ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే తడుముకోకుండా రెండు పేజీలు నింపేస్తారు.

ఆలస్యంగా మొదలుపెట్టారని బాధా? సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసులో దిగినప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు, తెలుగు అక్షరం రాదు. 1820లో ఉద్యోగం మీద మన పక్కనే కడపకు వచ్చాడు. 1829కి వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో నిఘంటువు తెచ్చాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరుతో లైబ్రరీ ఉంది, వీలైతే పాపను ఒకసారి తీసుకెళ్లండి. జీతాలిచ్చి పండితులను పెట్టుకున్నాడు, ఆ సౌకర్యం మనకు లేదు, నిజమే. అయినా మీ పాప ఏ బీ సీ డీలు ఒకటో తరగతిలోనే చూసింది. లెక్క వేస్తే బ్రౌన్ కన్నా పన్నెండేళ్లు ముందుంది.

ఇక వ్యాసం. పేరు ‘ఇంపార్టెన్స్ ఆఫ్ వాటర్’. మొదటి వాక్యం ‘వాటర్ ఈజ్ ది ఎలిక్సిర్ ఆఫ్ లైఫ్’. రెండో పేరాలో నైలు నది, సింధు నాగరికత. మూడో పేరాలో ‘ఆన్ ద వన్ హ్యాండ్’, నాలుగో పేరాలో ‘ఆన్ ది అదర్ హ్యాండ్’. చివర ‘సో లెట్ అజ్ సేవ్ వాటర్’. తాడిపత్రి పిల్లండీ! పెన్నలో ఇసుక తప్ప ఏమీ కనిపించని ఎండాకాలంలో కూడా బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో లింగం దగ్గర నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలను తీసుకెళ్లి మరీ చూపించి ఉంటారు మీరు. దాన్ని వదిలేసి ఈ పిల్ల ఈజిప్టు దాకా పోయింది.

మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసి తనతో ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఇంగ్లీషు ఊసు ఎత్తలేదు. నీళ్లు అనగానే నీకు గుర్తొచ్చేది ఏదైనా ఒకటి చెప్పమ్మా అన్నాను. అవ్వవాళ్ల ఊళ్లో బోరు వేయించిన రాత్రి చెప్పింది. పాయింటు చూడటానికి తాత ఒకాయనను పిలిపించాడట. ఆయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకొని చేనంతా తిరిగాడట. ఒకచోట కాయ నిట్టనిలువుగా లేచి నిలబడిందట. అక్కడే బోరు లారీ నిలబెట్టారు. రాత్రి రెండింటి దాకా చిన్నపిల్లలు కూడా పడుకోలేదు. ఆరు వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్మే. అవ్వ తల మీద, ఎనుముల మీద, గడ్డివామి మీద ఆ దుమ్మే పడి అన్నీ ఒకే రంగులో కనిపించాయట. తాత లారీవాళ్లకు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, ఇంటికొచ్చి, ఆ కొబ్బరికాయను పగలగొట్టి చట్నీ చేయమన్నాడట.

నాకు నవ్వాగలేదు. తనూ నవ్వింది. ఇదే రాయమ్మా అంటే కాసేపు అటునుంచి మాట లేదు.

‘ఇలాంటివి కూడా రాస్తారా సార్?’

‘ఇలాంటివే రాస్తారు.’

‘కొబ్బరికాయ నిట్టనిలువుగా లేవడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు సార్?’

‘ద కోకోనట్ స్టుడ్ అప్.’

‘అంతేనా?’

అంతే. అవి ఏడో తరగతి పిల్లలకు కూడా వచ్చే మాటలు. పెద్ద మాట కోసం వెతకడంలోనే తనకు సగం టైము పోతోంది, దొరికిన పెద్ద మాటతో మిగతా సగం పాడవుతోంది. ‘ఎలిక్సిర్’ అంటే ఏమిటని అడిగాను, చెప్పలేకపోయింది. తప్పు తనది కాదు, ఎవరో మంచి మాట అని చెప్పి ఉంటారు. ఎవరో తర్వాత చెబుతాను.

వ్యాసం కొబ్బరికాయతో మొదలు కావాలి. కాయ లేచి నిలబడిందని మొదటి పేరాలోనే చెప్పేసి, నీళ్లు పడ్డాయా లేదా అన్నది చివరిదాకా దాచుకోవాలి. మధ్యలో చెప్పాల్సిన సమాచారమంతా చెప్పుకోవచ్చు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని, పక్క చేనివాళ్లు ఒకరిని చూసి ఒకరు లోతుగా వేసేకొద్దీ పాత బోర్లు ఎందుకు ఎండిపోతాయని, అడుగుకు ఇంత అని లారీవాళ్లు లెక్క ఎలా కడతారని. లారీ తిరుగుతున్నంతసేపూ చదివేవాళ్లు ఎక్కడికీ పోరు. అదే సమాచారం ‘ఇంపార్టెన్స్ ఆఫ్ వాటర్’ కింద పెడితే మేడం కూడా రెండో పేరా దాటలేదు. చివర నీళ్లు పొదుపు చేయండి అని చెప్పనే అక్కర్లేదు. తాత చట్నీ చేయమన్న దగ్గర ఆపేస్తే చాలు. పేరు అంతా అయ్యాక చూసుకోవచ్చు.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయకూడదు అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆలోచన తెలుగులోనే రానీండి, ఎక్కడ తెంపాలో తెలిస్తే చాలు. ‘తాత లేచి, మొహం కడుక్కొని, చేనికి పోయి, కాయ చేతిలోకి తీసుకొని చూశాడు’ అని మనం ఒక్క గుక్కలో అంటాం. చివరి క్రియ దాకా వాక్యం ఆగదు. దాన్ని అలాగే లాక్కెళితే ‘ఆఫ్టర్ గెటింగ్ అప్, ఆఫ్టర్ వాషింగ్, ఆఫ్టర్ గోయింగ్’ అని గూడ్స్ బండిలా సాగుతుంది. మీ పాప వ్యాసంలో అలాంటి గూడ్స్ బండ్లు నాలుగున్నాయి. ‘లేచి’ దగ్గర ఒకసారి, ‘పోయి’ దగ్గర ఒకసారి ఫుల్‌స్టాప్ పెట్టమన్నాను. హీ గాట్ అప్. హీ వెంట్ టు ద ఫీల్డ్. మరీ ముక్కలుగా అనిపిస్తే తర్వాత రెండేసి అతికించుకోవచ్చు.

ఇంకొకటి, ఇది నాకు ఇష్టమైన సంగతి. ‘నిలబడిందట’లో ఆ ‘ట’ ఉంది చూశారూ, ఇంగ్లీషులో అంత చిన్న ముక్కతో ఆ పని కాదు. ఎవరన్నారో చెప్పాలి. మై గ్రాండ్‌ఫాదర్ సేస్, మై గ్రాండ్‌మదర్ డజ్ నాట్ బిలీవ్ ఇట్. అట్లా రాసేసరికి తాత, అవ్వ ఇద్దరూ వ్యాసంలోకి వచ్చి కూర్చుంటారు. ఊరికే ‘ఇట్ ఈజ్ సెడ్’ అని రాస్తే ఎవరూ రారు.

‘ఎ’, ‘ద’ల తప్పులు ఇంకొన్నాళ్లు ఉంటాయి. మన భాషలో అవి లేవు, కాబట్టి చెవికి తేడా తెలియదు. రాసేటప్పుడు వాటి గురించి ఆలోచిస్తే చేయి ఆగిపోతుంది. మర్నాడు వాటికోసమే ఒకసారి పైకి చదువుకుంటే సగం దొరుకుతాయి. బోరు వేసిన రాత్రి తెల్లారాక అందరూ ఉగ్గాని తిన్నారని పాప చెప్పింది, దానికి ఇంగ్లీషు పేరేమిటని మళ్లీ టెన్షన్ పడింది. ఉగ్గాని అనే రాయి, నీళ్లలో తడిపి పిండిన బొరుగులను ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు వేస్తారని ఆ వాక్యంలోనే చెప్పు అన్నాను. బోరు లారీని ఎన్నడూ చూడని ఏ కేరళ అమ్మాయికో చెబుతున్నాననుకుంటే ఏది విడమరచాలో, ఏది వదిలేయాలో దానంతటదే తెలుస్తుంది.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి, తెచ్చుకున్నా ఫర్వాలేదు. మీరు పంపిన కాగితం పక్కన ఎర్ర ఇంకుతో ‘యూజ్ హై వొకాబులరీ’ అని మూడుచోట్ల ఉంది. చేతిరాత ఉత్తరంలోదే. ‘ఎలిక్సిర్’ కూడా మీరే చెప్పారని పాప అంది. మీ అన్నగారి అమ్మాయి బెంగళూరులో ఎంత ఫ్లూయెంట్‌గా మాట్లాడుతుందో ప్రతి ఆదివారం ఫోన్లో వింటోందట కూడా. ఇంతకీ ఆ వ్యాసం నాకు పంపేముందు పాపను అడిగారా? నా దగ్గరుందని తెలియగానే తన గొంతు మారిపోయింది. పందొమ్మిదేళ్ల పిల్ల రాసుకున్నది తనకు చెప్పకుండా పరాయివాడికి పంపితే, ఇకముందు తాత సంగతి, అవ్వ సంగతి కాగితం మీద పెడుతుందా? నైలు నది గురించే రాస్తుంది. అక్కడైతే ఎవరికీ దొరకదు.

కోర్సు విషయానికి వస్తే, నాకు నమ్మకం లేదు. దీనికి కారణాల్లో నా తప్పు కూడా ఉంది. కొన్నేళ్ల కిందట నేనే ఇద్దరు పిల్లలను ఇలాంటి కోర్సులో చేరమన్నాను. అప్పట్లో మాటకు ఇన్ని పైసలని ఇచ్చి వెబ్‌సైట్ల కోసం రాయించుకునేవాళ్లు, పని దొరికేది. ఒకమ్మాయి ఏడాది పాటు పరుపుల గురించి, జుట్టు నూనెల గురించి రాసింది. పరుపుల మీద ఎనభై వ్యాసాలు రాసినా తన వాక్యమంటూ ఒకటి రాలేదని తనే చెప్పింది. తర్వాత 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. అలాంటి వ్యాసాన్ని అది టీ చల్లారేలోపు రాసిస్తుంది, ‘ఆన్ ద వన్ హ్యాండ్’తో సహా. తనకు ఆ పని ఆగిపోయింది. రెండో పిల్లవాడి దగ్గర సర్టిఫికెట్ ఉంది, లామినేషన్ చేయించుకున్నాడు.

రాత పని లేకుండా పోయిందని నేననను. ఒక కంపెనీ సరుకును, ఆ పనిని లోపలినుంచి తెలిసి రాసేవాళ్లు ఇప్పటికీ కావాలి. బీఎస్సీ చదివి సైన్సు సంగతి తేలికగా చెప్పగలిగితే అది మంచి పనే. కానీ ఆ విద్య 3 నెలల వీడియోల్లో రాదు. ‘ఇంట్లో కూర్చొని సంపాదించండి’ అని ప్రకటన ఇచ్చేవాళ్లను ఒక్కటే అడగండి: పోయిన బ్యాచ్ పిల్లలు రాసినవి మూడు చూపించండి అని. చదవబుద్ధి అయితే అప్పుడు మాట్లాడదాం. నాకు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

ఎంఏ ఇంగ్లీషు వేరే దారి. బీఎస్సీ చేసినవాళ్లు కూడా పోవచ్చు, అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఉంది. పాఠం చెప్పాలని పాపకు ఉంటే మంచి చదువు. రాయడం నేర్పుతుందని మాత్రం అందులో వేయకండి. తనకు ఏది ఇష్టమో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఫోన్లో నేను అడిగితే ‘ఇంకా తెలీదు సార్’ అంది. రెండో సంవత్సరంలో ఆ జవాబు చాలు. ఐఈఎల్‌టీఎస్‌లో అసలు ఇలాంటి వ్యాసం ఉండదు. అకడమిక్ పరీక్షలో ఒక గ్రాఫు లాంటిదాని గురించి కనీసం 150 మాటలు, ఒక ఎస్సే కనీసం 250 మాటలు. విదేశాలకు వెళ్లేటప్పుడు దాని సంగతి చూసుకోవచ్చు.

అప్పటిదాకా ఖర్చు లేని పనులున్నాయి. బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల లర్న్‌ఇంగ్లీష్ సైట్ ఉచితం. కాలేజీ లైబ్రరీకి ‘ద హిందూ’ వస్తుంటే ఆదివారం ‘ఓపెన్ పేజ్’ చదవమనండి, అందులో పాఠకులు రాసి పంపినవే వేస్తారు. ఒకటి నచ్చితే మొదటి పేరా నోట్‌బుక్‌లో ఎక్కించుకొని, ఎక్కడ లాగిందో తెలుగులోనే పక్కన రాసుకోమనండి. బోరు వ్యాసం నెలాఖరుకు ఇస్తానంది. ముందు మేడంకు చూపిస్తుంది, తర్వాత తనకు ఇష్టమైతే మీకు.

35 వేలు హాస్టల్ ఫీజుకు ఉంచండి. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు బెంగళూరు సంగతి ఎత్తకండి. బండ కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు ఆగిపోతే ఏమవుతుందో, ఆ చప్పుడు ఎలా మారుతుందో చెప్పండి. మీ నాయన పని గురించి నీకేం తెలుసని నేనడిగితే, ‘దుమ్ము ఎక్కువ’ అని మాత్రం చెప్పగలిగింది.