ఏ బాధా లేదు, పెద్దపేగులో పాలిప్ ఉందన్నారు... క్యాన్సరేనా?

ప్రశ్న: నా వయసు 54. గుంటూరులో మిర్చి వ్యాపారం చేస్తాను. హెల్త్ చెకప్‌లో మల పరీక్ష చేసి, కంటికి కనిపించని రక్తం పోతోందన్నారు. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి 6 మిల్లీమీటర్ల పాలిప్ ఒకటి తీసేశారు. బయాప్సీలో ‘ట్యూబులర్ అడినోమా’ అని వచ్చింది. కడుపునొప్పి, విరేచనాల బాధ ఎప్పుడూ లేవు. పాతికేళ్లుగా సిగరెట్ అలవాటుంది. ఇది క్యాన్సరా? కారం ఎక్కువ తినడం వల్ల వచ్చిందా? మా పిల్లలకూ పరీక్ష చేయించాలా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ రిపోర్టులో ఉన్నది క్యాన్సర్ కాదు, ముందు ఆ భయం వదలండి. పాలిప్ అంటే పేగు లోపలి పొరలో పెరిగే చిన్న కంతి. అడినోమా అందులో ఒక రకం. వీటిలో ఎక్కువ భాగం ఎప్పటికీ క్యాన్సర్‌గా మారవు. మారే కొన్నింటికైనా సాధారణంగా పదేళ్లు, అంతకు మించి పడుతుంది. మీది చిన్నగా ఉండగానే తీసేశారు.

బాధ లేకపోవడంలో వింతేమీ లేదు. ఇంత చిన్న పాలిప్ నొప్పి పెట్టదు. పాశ్చాత్య దేశాల్లో 50 దాటి, ఏ లక్షణాలూ లేనివారికి స్క్రీనింగ్ కొలనోస్కోపీ చేస్తే దాదాపు నలుగురిలో ఒకరికి, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువమందికి అడినోమా కనిపిస్తోంది. క్యాన్సర్ బయటపడేది మాత్రం సుమారు నూటికి ఒకరిలో, లేదా అంతకంటే తక్కువ. మన దేశంలో ఈ క్యాన్సర్ అక్కడికంటే తక్కువే. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, మగవారిలో ఇంకాస్త ఎక్కువ.

కారమే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. సిగరెట్‌కు మాత్రం ఉంది. మీరు ఆవకాయ మానేసి సిగరెట్ కొనసాగిస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. మద్యం, పొట్ట చుట్టూ కొవ్వు, మధుమేహం కూడా ముప్పు పెంచేవే. సాసేజ్, బేకన్ వంటి నిల్వ మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

కొలనోస్కోపీ సమయంలో పేగు పూర్తిగా శుభ్రంగా ఉండి, చివరిదాకా చూడగలిగారా అని మీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టును అడగండి. అవునంటే, ఒకే చిన్న అడినోమాకు మళ్లీ కొలనోస్కోపీ సాధారణంగా 7 నుంచి 10 ఏళ్ల తర్వాత చాలు. శుభ్రం కాకపోతే ముందే చేయించాలి. ఈలోగా మలంలో రక్తం కనిపించినా, కారణం తెలియకుండా హిమోగ్లోబిన్ తగ్గినా, మలవిసర్జన తీరు మారినా ఆ గడువు కోసం ఆగవద్దు. ‘మొలలే కదా’ అని నెలల తరబడి నాటుమందు వాడి, చివరికి ముదిరాక వచ్చేవారిని చూస్తుంటాం. మొలలున్నవారికి క్యాన్సర్ రాకూడదని ఏమీ లేదు.

మీ పిల్లలకు ఇప్పుడే పరీక్షలు అక్కర్లేదు. 45 ఏళ్లు వచ్చాక మల పరీక్షో, కొలనోస్కోపీయో చేయించుకుంటే సరిపోతుంది. మీ తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండి ఉంటే మాత్రం ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి. అప్పుడు మీ గడువు, పిల్లల గడువు రెండూ మారవచ్చు.