కోర్సు సంగతి తర్వాత, ముందు అమ్మ షాపు

ప్రశ్న: మాది తణుకు. బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. అమ్మ ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుడుతుంది, మగ్గం వర్క్ చేస్తుంది. పని బాగుంటుందని అందరూ అంటారు. అయినా సీజన్ దాటితే ఖాళీయే. అమ్మ పనికి ప్రచారం చేయడం నేర్చుకుని, తర్వాత ఆ రంగంలోనే ఉద్యోగం చూసుకోవాలని నా ఆలోచన. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డిజిటల్ మార్కెటింగ్ కోర్సుకు 45 వేలు అడుగుతున్నారు. ఈ వారంలో కడితే పది వేలు తగ్గిస్తారట. చేరమంటారా?
- ఒక విద్యార్థిని

జవాబు: ఇప్పుడే చేరకండి. కోర్సులన్నీ దండగని కాదు. అక్కడ చేరినవాళ్లలో చాలామంది ఊహించుకున్న ఏదో బ్రాండ్ మీద ప్రాజెక్టు చేసి వస్తారు. మీకు ఇంట్లోనే నిజమైన పని ఉంది, డబ్బిచ్చే కస్టమర్లున్నారు. ముందు ఆరు నెలలు దాని మీద నేర్చుకోండి. ఆ తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే, దేని కోసం చేరుతున్నారో తెలిసి చేరతారు.

ఫోన్ పట్టుకునే ముందు ఒక నోటుపుస్తకం తీయండి. గత రెండు మూడు నెలల్లో వచ్చిన ప్రతి కస్టమర్ గురించీ అమ్మను అడిగి రాయండి: ఏ ఊరు, ఎవరు చెబితే వచ్చారు, ఏం కుట్టించుకున్నారు, ఎంత ఇచ్చారు. మార్కెటింగ్‌లో మొదటి పాఠం ఇదే, దీనికి ఫీజు లేదు. ఎక్కువమంది ఏదో పెళ్లిలో ఎవరి బ్లౌజో చూసి 'ఎక్కడ కుట్టించావు?' అని అడిగి వచ్చినవాళ్లే అయి ఉంటారని నా అంచనా. అది నిజమైతే మీ మొదటి ప్రచారం ఇన్‌స్టాగ్రామ్ కాదు, బ్లౌజు లోపల మెడ వెనక కుట్టే చిన్న లేబుల్, ఇచ్చే కవర్ మీద పేరు, ఫోన్ నంబర్. నోటిమాటగా వచ్చే కస్టమర్‌కి నంబర్ చేతికందేలా చేస్తే చాలు.

ఆ పుస్తకంలోనే ఇంకో లెక్క వేయండి. అమ్మ వారానికి ఎన్ని సాదా బ్లౌజులు కుట్టగలరు? ఒక పెళ్లి బ్లౌజుకి మగ్గం మీద ఎన్ని రోజులు పడుతుంది? చాలామంది మర్చిపోయే విషయం ఇది. శ్రావణ మాసంలో, పెళ్లి ముహూర్తాల్లో అమ్మకు ఎలాగూ తీరిక ఉండదు. అప్పుడు ప్రకటన ఇచ్చి ఇంకో పాతికమందిని రప్పిస్తే బ్లౌజులు ఆలస్యమవుతాయి. వరలక్ష్మీ వ్రతం నాటికి ఇస్తామన్న బ్లౌజు తర్వాతి రోజు ఇస్తే ఆ ఇంటివాళ్లు ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ప్రచారం పని చేయాల్సింది ఆషాఢంలో, మూఢంలో. ఆషాఢంలో నమూనా బ్లౌజులు రెండు మూడు కుట్టించి, ఫొటోలు తీసి, శ్రావణానికి అడ్వాన్సుతో బుకింగ్ తీసుకోండి. ఖాళీ రోజులకు పిల్లల పట్టు లంగాలు, చీర కుచ్చులు, ఫాల్స్, ఆల్టరేషన్ల వంటి చిన్న పనులు ముందుకు తీసుకురండి. సీజన్‌లో అయితే కస్టమర్లను పెంచడం కన్నా రేటు కాస్త పెంచడం మేలు. దీనికి అమ్మను ఒప్పించడమే కష్టం.

ఇక ఫోన్ సంగతి. మొదట గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవండి, ఉచితం. 'టైలర్ నియర్ మీ' అని వెతికినవాళ్లకు మ్యాప్‌లో మీరు కనిపించేది దీనివల్లే. వెరిఫికేషన్‌కి ఈ మధ్య ఎక్కువగా షాపు, పని చేసే చోటు చూపిస్తూ వీడియో తీయమంటున్నారు. పేరు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. బోర్డు మీద ఉన్న పేరే పెట్టాలి. పక్కన 'బెస్ట్ మగ్గం వర్క్ ఇన్ తణుకు' అని తగిలిస్తే అది గూగుల్ నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. ఇంట్లో పని కాబట్టి చిరునామా అందరికీ కనిపించడం అమ్మకు ఇష్టం లేకపోతే దాన్ని దాచి, ఏయే ఊళ్లవాళ్లకు పని చేస్తారో మాత్రం చూపించవచ్చు. అయితే ఆది బ్లౌజు ఇవ్వడానికి మనిషి రావాలి కదా, కాబట్టి ఆలోచించి నిర్ణయించుకోండి. ఎవరు ముందు కనిపించాలనేదానికి గూగుల్ చెప్పే ఆధారాలు మూడు: వెతికిన పనికి మీ పని ఎంత సరిపోతుంది, మీరు ఎంత దగ్గర, మీకు ఎంత పేరుంది. దూరాన్ని మీరు మార్చలేరు. మిగతా రెండూ ఫొటోలు, రివ్యూల వల్ల మెరుగవుతాయి. బ్లౌజు చూసి కస్టమర్ మురిసిపోయిన నిమిషంలోనే రివ్యూ లింకు పంపండి. 'రివ్యూ రాస్తే ఫాల్ ఉచితం' లాంటివి వద్దు, డిస్కౌంటు ఇచ్చి రివ్యూలు తెచ్చుకోవడం కూడా నిషిద్ధమే. బంధువుల చేత రాయించే రివ్యూలు చదవగానే తెలిసిపోతాయి.

వాట్సాప్ బిజినెస్ యాప్ కూడా ఉచితమే. క్యాటలాగ్‌లో సాదా, పైపింగ్, కంప్యూటర్ వర్క్, మగ్గం వర్క్ అని విడివిడిగా పెట్టి, ప్రతిదానికీ 'ఇంత నుంచి మొదలు' అని ధర రాయండి. ధర లేకపోతే రోజంతా 'ఎంత?' అన్న మెసేజ్‌లకు జవాబు చెప్పడంతోనే సరిపోతుంది. ఈ యాప్‌లో ఒక్కో చాట్‌కి తగిలించే లేబుళ్లు అసలు బంగారం: 'ఆది వచ్చింది', 'మగ్గం మీద ఉంది', 'రెడీ', 'బాకీ' అని పెట్టుకుంటే ఎవరిది ఎక్కడుందో వెతుక్కునే టెన్షన్ ఉండదు. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టవచ్చు, కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. అందుకే బ్లౌజు ఇచ్చేటప్పుడే 'నంబర్ సేవ్ చేసుకోండి అక్కా' అని అడగాలి. నెలకి ఒకటి రెండు మెసేజ్‌లు చాలు. రోజూ గుడ్ మార్నింగ్ పంపితే బ్లాక్ చేస్తారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో మీకు సాయం చేసేది అమ్మ చేతులే. మగ్గం మీద బిగించిన గుడ్డ, సూది, జర్దోసీ, పూసలు ఒక్కొక్కటే పడుతుంటే చూడ్డానికి ఎవరైనా ఆగుతారు. వేరేవాళ్ల డిజైన్ల ఫొటోలు తెచ్చి మీ పేజీలో పెట్టకండి. అది చూసి వచ్చిన మనిషి అచ్చం అలాంటిదే అడుగుతుంది, అమ్మ చేతికి రాకపోతే మాటపడాలి. కస్టమర్ ముఖం కనిపించే ఫొటో ఆమెను అడిగాకే పెట్టండి. పెళ్లికూతురి బ్లౌజైతే పెళ్లి అయ్యాకే. ఫాలోవర్లను కొనే ఆలోచన అసలు వద్దు, ఎక్కడెక్కడి ఖాతాలో వచ్చి తణుకులో బ్లౌజు కుట్టించుకోవు.

డబ్బు పెట్టి ప్రకటన ఇవ్వడం చివర. నేరుగా వాట్సాప్‌లో మెసేజ్ చేసేలా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ప్రకటనలు పెట్టవచ్చు. తణుకు చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్లు మాత్రమే ఎంచుకోండి. ఉదాహరణకు 1,500 ఖర్చు పెడితే 30 మంది అడిగారు, అందులో ఆరుగురు వచ్చి కుట్టించుకున్నారు అనుకుందాం. ఒక్కో కొత్త కస్టమర్‌కి 250 పడింది. సాదా బ్లౌజుకి అది నష్టం, మగ్గం వర్క్‌కి పర్వాలేదు, ఆమె మళ్లీ వస్తే లాభం. ఈ లెక్క మీకు అర్థమైతే, ఇంటర్వ్యూల్లో పెద్ద పేర్లతో అడిగే 'కస్టమర్ అక్విజిషన్ కాస్ట్' అర్థమైనట్టే. బీకాం చదివారు కాబట్టి ఇందులో మీరు ఇతరుల కన్నా ముందుంటారు.

ఇవి చేస్తూనే పాఠాలు చదవండి. గూగుల్ స్కిల్‌షాప్‌లో గూగుల్ యాడ్స్ పాఠాలు, పరీక్ష, సర్టిఫికెట్ ఉచితం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు మెటా బ్లూప్రింట్‌లో ఉచిత పాఠాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో మార్కెటింగ్ కోర్సుల్లో చేరడానికి రుసుము లేదు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. సగం ఇంగ్లిష్ అర్థం కాకపోయినా వదిలేయకండి, చేతిలో పని ఉంటే పాఠం దానంతట అదే అర్థమవుతుంది.

మధ్యలో ఒక మాట, ఇది ప్రచారం గురించి కాదు. అమ్మ పేరుతో ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఎవరైనా డబ్బడిగితే అది వాళ్ల సొంత ఫీజు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. శిక్షణ, పనిముట్లకు సాయం, తక్కువ వడ్డీ రుణం ఉంటాయి. మీ దగ్గర దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఇక ఉద్యోగం. ఆరు నెలల తర్వాత మీ దగ్గర రెండు పేజీల కాగితం ఉండాలి: మొదలుపెట్టినప్పుడు ఎన్ని ఆర్డర్లు, ఇప్పుడెన్ని, ఏం చేశారు, ఎంత ఖర్చయింది, ఏది పని చేయలేదు. ఆ తర్వాత మీ వీధిలోనే ఇంకో షాపుకి, మిఠాయి కొట్టో బ్యూటీ పార్లరో, నెలకి చిన్న మొత్తం తీసుకుని ఇదే పని చేయండి. సొంత ఇంటి పని ఒక్కటే చూపిస్తే 'అమ్మ కాబట్టి చేశావు' అంటారు, రెండోది చూపిస్తే అనరు. సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్, ప్రకటనలు నడిపే పెర్ఫార్మెన్స్ మార్కెటింగ్ వంటి తొలి ఉద్యోగాలకు డిగ్రీ కన్నా ఇలాంటి కాగితాన్నే ఎక్కువ చూస్తారు. ఎంబీఏ ఆలోచన కూడా ఉంటే దాని ప్రవేశ పరీక్ష ఐసెట్ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి, ఈ పనికి అది అడ్డు కాదు.

ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. నిజమైన ఖాతాలో, నిజమైన డబ్బుతో ప్రకటనలు మా చేత నడిపిస్తారా? పాఠం చెప్పేవాళ్లు ఇప్పుడు ఏ వ్యాపారాలకు పని చేస్తున్నారు? మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి ఇస్తామని కాగితం మీద రాసిస్తారా? 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అంటే, కిందటి బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ఇద్దరితో మాట్లాడించమనండి. ఈ వారం దాటితే తగ్గింపు పోతుందని భయపడకండి, వచ్చే బ్యాచ్‌కీ అదే ఇస్తారు.