బుడమేరు వరదలో మునిగిన 2006 మారుతి 800: బాగుచేయాలా, తుక్కుకివ్వాలా?

మీరు అడిగింది: విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్న బండి 2024 సెప్టెంబరులో సీట్ల దాకా మునిగింది. ఆయిలు, ప్లగ్గులు ఇంట్లోనే మార్చుకుని నడుపుతున్నారు. ఇప్పుడు ఫ్లోర్ తుప్పు తినేసింది, ఆర్‌సీ గడువు 2026లో అయిపోతుంది. ఇంకా డబ్బు పెట్టొచ్చా?

ఇంజన్ సంగతి పక్కన పెట్టండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. తయారీ 2014లోనే ఆగిపోయినా పార్టులకు విజయవాడ ఆటోనగర్‌లో కొదవ లేదు. 800 ప్రాణం ఇంజన్‌లో లేదు, రేకులో ఉంది. దీనికి విడిగా ఛాసిస్ (అడుగున బరువు మోసే ఫ్రేము) ఉండదు, బాడీయే ఛాసిస్. రేకు పోయిందంటే సస్పెన్షన్ పట్టుకునే చోటే పోయినట్టు.

వరద దెబ్బ ఏడాది తర్వాత బయటపడటానికి కారణం ఒండ్రు. తలుపుల కింద బోలుగా ఉండే రన్నింగ్ బోర్డుల్లోకి బురద చేరి, అడుగున నీళ్లు పోయే కన్నాలను మూసేస్తుంది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ తగ్గదు. కార్పెట్ కింద పరిచే ఫెల్ట్ (దూది లాంటి మెత్తటి పొర) కూడా అంతే. దాని మీద రబ్బరు మ్యాట్ వేస్తే ఇక ఆరే దారే లేదు.

పరీక్ష మీరే చేసుకోవచ్చు. సీట్లు, కార్పెట్ తీసేయండి. స్క్రూడ్రైవర్ పిడితో రన్నింగ్ బోర్డు పొడవునా తట్టండి. ఖంగుమంటే రేకు ఉంది, మొద్దుగా మోగితే లోపల పుట్టీయో తుప్పో ఉంది. అలాంటి చోట మొనతో గట్టిగా నొక్కండి, దిగబడితే రేకు పోయినట్టే. తర్వాత జాకీ పాయింట్ దగ్గర బండిని కొంచెం ఎత్తి, అదే పక్క తలుపు తెరిచి మూయండి. జాకీ రేకులోకి దిగబడినా, తలుపు పట్టేసినా బాడీ వంగుతోందని అర్థం. ఎత్తిన బండి కిందికి మాత్రం దూరొద్దు. చివరగా బానెట్ ఎత్తి ముందు షాక్‌అబ్జర్బర్లు బిగించే ఏప్రన్ రేకు, అడుగున లోయర్ ఆర్మ్‌లు (ముందు చక్రాలను బాడీకి కలిపే చేతులు), వెనక సస్పెన్షన్ బాడీకి కలిసే చోట్లు చూడండి.

కాళ్లు పెట్టుకునే ఫ్లోర్‌లో అరచేయంత కన్నాలు ఒకటి రెండైతే నిక్షేపంగా బాగుచేయొచ్చు. తుప్పును మంచి రేకు కనిపించేదాకా కోసేయించి, 20 గేజి రేకు ముక్క సీఓటూ వెల్డింగ్‌తో (కరెంటుతో తీగ కరిగించి అతికేది) వేయించండి. గ్యాస్ వెల్డింగ్ వద్దు, వేడికి చుట్టూ రేకు వంకర తిరుగుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) కనెక్టర్ ఊడదీయమనండి. ఆ తర్వాత జింక్ ప్రైమర్, సీలెంట్, అండర్‌కోటింగ్, ఇదే వరసలో. తుప్పు మీదే నల్లటి కోటింగ్ కొట్టించడం కన్నా ఏమీ చేయకపోవడం నయం, చెమ్మ లోపలే ఉండిపోతుంది. డ్రెయిన్ కన్నాలు తీగతో పొడిచి తెరవడం మరిచిపోవద్దు. ఏప్రన్ గానీ, సస్పెన్షన్ పట్టు గానీ, రెండు పక్కల రన్నింగ్ బోర్డులు గానీ పోతే నా మాట విని ఆపేయండి. అతుకులతో నడిచినా, గుద్దుకున్న రోజు లోపలున్న వాళ్లకు రక్షణ ఉండదు.

రేకు బాగుంటే, వరదకి ఆలస్యంగా దెబ్బతినేవి ఇంకొన్ని ఉంటాయి. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూడండి. వెనక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్లు చూసి, బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చండి. వీల్ బేరింగులు హోరుమంటే గ్రీజుతో సరిపెట్టకుండా కొత్తవి వేయండి. ఎర్త్ వైర్ల కొసలు ఉప్పు కాగితంతో రుద్దండి. ఉన్నట్టుండి ఆగిపోయే జబ్బు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఆర్‌సీ రెన్యువల్‌కి ఫారం 25, గడువుకి 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకి ఇస్తారు. 20 ఏళ్లు దాటిన కార్లకి ఫీజు 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు. అందుకే వెల్డింగ్ లెక్క తేలాకే ఇది కట్టండి.

ఇచ్చేయాలని తేలితే, పాత ఇనుము కొట్టుకి తోలి డబ్బు చేతిలో పెట్టుకోవద్దు. ఆర్‌సీ మీ పేరునే ఉండిపోతుంది, ఆ నంబరు ఇంకెవరి బండికో ఎక్కినా జవాబు చెప్పాల్సింది మీరే. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండి అప్పగించినట్టు ఇచ్చే పత్రం) తీసుకోండి. కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపుకి అదే ఆధారం. ఆర్‌సీ రద్దయినట్టు ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే ఇన్సూరెన్స్ ఆపండి. ఫాస్టాగ్ ఉంటే బండి అప్పగించే రోజే మూసేయండి.