ఆరు వారాల పాపకు ఏ పాలపొడి? నాలుగు డబ్బాలు మార్చిన అమ్మ జవాబు

మీ పాపకు ఆరు వారాలు, నెలలు నిండాకే పుట్టింది, బరువు బాగానే పెరుగుతోంది. మీరు మళ్ళీ ఉద్యోగంలో చేరాలి కాబట్టి మీ పాలతో పాటు డబ్బా పాలు కూడా అలవాటు చేద్దామనుకుంటున్నారు. సాయంత్రమైతే గుక్కపట్టి ఏడుస్తోంది, అందుకని పొట్టకు పడేది ఏదో చెప్పమంటున్నారు, ఖరీదు ఎక్కువున్నదే కొనాలా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. ఆవుపాలతో చేసినది, ఇనుము కలిసినది, పుట్టినప్పటి నుంచి వాడొచ్చని రాసి ఉన్న మొదటి స్టేజ్ పాలపొడి ఏదైనా తీసుకోండి. మీకు ఎప్పుడూ తేలిగ్గా దొరికేది, నెల నెలా కొన్నా ఇబ్బంది అనిపించనిది చూసుకోండి, అంతే. ఖరీదైన దాంట్లో అరుగుదల ఎక్కువేమీ ఉండదు.

ఇప్పుడిలా తేలిగ్గా చెబుతున్నా గానీ మా వాడికి మూడు నెలలు నిండకముందే నేను నాలుగు రకాలు మార్చాను. మొదటిది ఆస్పత్రిలో చెప్పిన మామూలుది. వారం పది రోజులకే ఏడుపు ఎక్కువైందని, పొట్టకు తేలిక అని రాసున్నది తెచ్చాను. అదీ పడలేదనుకుని లాక్టోజ్ అనే పాల చక్కెర లేనిది. ఆ తర్వాత ఎవరో చెప్పారని మేకపాలతో చేసినది. నాలుగోదానికి ఏడుపు నిజంగానే తగ్గింది. నెత్తిన పాలు పోసినట్టయింది నాకు, కనబడిన వాళ్ళందరికీ మేకపాల డబ్బానే కొనమని చెప్పేదాన్ని. మా ఆడపడుచు నా మాట నమ్మి వాళ్ళ పాపకు అదే మొదలుపెట్టింది, ఆ పాప మాత్రం అది తాగుతూనే రాత్రి పదింటిదాకా హాయిగా ఏడ్చేది.

టీకాలకు వెళ్ళినప్పుడు డాక్టరుతో ఈ సంగతి చెబితే ఆవిడ నవ్వి, చీటీ వెనక ఒక గీత గీసి చూపించారు. రెండు వారాల వయసు నుంచి పైకి ఎక్కి, ఆరు వారాల దగ్గర శిఖరం, అక్కడి నుంచి దిగి మూడు నాలుగు నెలలకు చదును. పసిపిల్లల ఏడుపు గీత అది. బ్రాజెల్టన్ అని అమెరికా పిల్లల డాక్టరు ఒకాయన 80 మంది పిల్లల ఏడుపును తల్లులతో రాయించి 1962లో అచ్చు వేశారు. ఏ జబ్బూ లేని పిల్లలే, ఆరు వారాల వయసులో రోజుకు సుమారు 2 గంటల 45 నిమిషాలు ఏడ్చేవారట, అదీ ఎక్కువగా సాయంత్రాలే. అంటే చాలామంది ఏడుపు ముదురుతున్న వయసులో డబ్బాలు మార్చడం మొదలుపెడతారు, అది దానంతటదే దిగే వేళకు చేతిలో ఏ డబ్బా ఉంటే దానికి పేరొస్తుంది. నా విషయంలో ఆ పేరు మేకకు వచ్చింది. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ శిఖరం మీదే ఉంది, కాబట్టి ఈ రెండు మూడు వారాలు ఏ పాలపొడినీ తిట్టకండి, పొగడకండి.

అన్నీ ఒకటేనా, మరీ అంత నమ్మకంగా ఎలా చెబుతారు అనొచ్చు. పూర్తిగా ఒకటి కావు, కానీ బిడ్డ పెరగడానికి కావలసిన అసలు సరుకు అన్నింట్లోనూ దాదాపు ఒకటే ఉండేలా నిబంధనలున్నాయి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కలిపిన పాలు 100 మిల్లీలీటర్లకు 60 నుంచి 70 కేలరీలు ఉండాలి, మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు ఒక్కోదానికి కనీసం ఇంత అని లెక్క ఉంది. ఈ లెక్కలు ఊరికే రాలేదు. అమెరికాలో 1979లో సోయాతో చేసిన రెండు ఫార్ములాల్లో, అంటే పిల్లల డబ్బా పాలల్లో, క్లోరైడ్ అనే ఖనిజం సరిపడా లేక పసిపిల్లలు జబ్బుపడ్డారు, మరుసటి ఏడే అక్కడ శిశు ఫార్ములాకు ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. అందుకే సరైన కంపెనీది, సీలు చెడనిది, గడువు దాటనిది అయితే చాలు. ఇంట్లో ఆవుపాలలో నీళ్ళు కలిపి పట్టమని ఎవరైనా అంటే మాత్రం వద్దు. ఈ వయసు మూత్రపిండాలకు మామూలు ఆవుపాలలోని మాంసకృత్తులు, ఉప్పులు బరువు, ఇనుము చూస్తే దాదాపు ఉండదు, నీళ్ళు కలిపితే ఉన్న బలం కూడా పోతుంది.

ఇక డబ్బా మీద మెరిసే మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 1981లో వచ్చిన నియమావళి అసలు డబ్బా మీద పసిపాప బొమ్మే వేయొద్దంది. పాప పోయి ఎలుగుబంటి పిల్లలు, కవచాలు, నక్షత్రాలు వచ్చి కూర్చున్నాయి, చేసే పని అదే. డీహెచ్ఏ అని పెద్దగా రాస్తారు, అది మెదడులో, కంటిలో ఉండే ఒక కొవ్వు, యూరప్‌లో 2020 నుంచి అన్ని ఫార్ములాల్లోనూ ఉండాల్సిందే. ఉంటే మంచిదే, కానీ అది తాగిన నెలలు నిండిన పిల్లలకు పెద్దయ్యాక తెలివి ఎక్కువైందని పరిశోధనల్లో నిలకడగా తేలలేదు. హెచ్ఎంఓ అన్నా అంతే, తల్లిపాలల్లో ఆ రకం చక్కెరలు నూటయాభైకి పైగా ఉంటాయి, డబ్బాలో ఒకటో రెండో, మహా అయితే నాలుగైదో. వాటికోసం అదనంగా డబ్బులు పోయాల్సిన పనిలేదని నా అభిప్రాయం, పోసినా నష్టం లేదు. ఏ2 (ఒక రకం మాంసకృత్తే ఉండే ఆవుపాలతో చేసినది), ఆర్గానిక్ అన్న మాటలకూ ఇదే.

లాక్టోజ్ లేనిది గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేనూ అందులో పడ్డాను. లాక్టోజ్ అంటే పాలల్లో సహజంగా ఉండే చక్కెర. తల్లిపాలల్లో అది 100 మిల్లీలీటర్లకు 7 గ్రాముల దాకా ఉంటుంది, ఆవుపాలల్లో 5 లోపే. మీ పాప ఇన్నాళ్ళూ మీ పాలు తాగి హాయిగా పెరిగిందంటే లాక్టోజ్ అరగకపోయే ప్రశ్నే లేదు కదా! పుట్టుకతోనే అది అరగని పిల్లలు చాలా చాలా అరుదు. సోయాది, కక్కకుండా చిక్కగా చేసినది, మాంసకృత్తుల్ని ముక్కలు చేసినది, ఇవన్నీ డాక్టరు కారణం చెప్పి రాస్తే వాడేవి, మనంతట మనం తెచ్చుకునేవి కావు. మేకపాల ఫార్ములాతో పిల్లలు బాగానే పెరుగుతారు, కానీ ఆవుపాలు నిజంగా పడని బిడ్డకు అది మందు కాదు, రెండింట్లోనూ మాంసకృత్తులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆరు నెలల తర్వాత స్టేజ్ 2 కి మారాలా అని ముందు ముందు అడుగుతారేమో, అక్కర్లేదు, ఏడాది దాకా మొదటిదే సరిపోతుంది.

నిజంగా తేడా చేసేది కలపడం. నా మూడో డబ్బా కథ అదే. అది మొదలుపెట్టిన రెండు రోజులకు మా వాడికి మేకపెంటికల్లాగా గట్టిగా రావడం, ముక్కి ముక్కి ముఖం ఎర్రబడటం, తాగిన గంటకే మళ్ళీ నోరు తెరిచి వెతుక్కోవడం. ఇదీ పడలేదు అని నాలుగోది కొనేశాను కూడా. ఆ రాత్రి మా అత్తగారు సీసా కలుపుదామని డబ్బా మూత తీసి, "ఇందులో రెండు చెంచాలున్నాయేంటే, నీలంది ఒకటి, తెల్లది ఒకటి?" అన్నారు. నీలంది పాత డబ్బాది. దాని కాడ పొడుగ్గా ఉండి వేళ్ళు పొడికి తగలవని నేనే దాచుకుని వాడుతున్నాను. రెండు డబ్బాలూ తిప్పి చదివితే అప్పుడు వెలిగింది: పాత చెంచాకు 5 గ్రాముల పొడి పడుతుంది, కొత్తదానికి 4.3. 90 మిల్లీలీటర్ల సీసాకు మూడు చెంచాలు, అంటే ప్రతిసారీ 2 గ్రాములు ఎక్కువ. దానికి తోడు నేను పొడిని చెంచాలో నొక్కి నింపేదాన్ని, బలంగా ఉంటుందని. పాపం వాడికి ఆకలి కాదు, దాహం. తెల్ల చెంచాతో, నొక్కకుండా, చాకు వెనక వైపుతో చదును చేసి వేయడం మొదలుపెట్టిన రెండు రోజులకు అంతా సర్దుకుంది. అప్పటికే కొన్నాం కదా అని మేకపాలదీ మొదలుపెట్టాననుకోండి, ఆ తర్వాతది మీకు తెలిసిందే.

చిక్కగా కలిపితే మలబద్ధకంతో ఆగదు, ఒంట్లో నీరు తగ్గి సోడియం పెరుగుతుంది. పొదుపుగా ఉంటుందని పల్చగా కలిపితే అంతకంటే ప్రమాదం, సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. కొన్ని డబ్బాల్లో చెంచాకు 30 మిల్లీలీటర్లు, కొన్నింట్లో 60, కాబట్టి కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ చదవండి. ముందు నీళ్ళు పోసి గీత చూసుకుని, ఆ తర్వాత పొడి. తిరగేసి చేస్తే నీళ్ళు తక్కువ పడతాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు: పాలపొడి సూక్ష్మజీవులు లేకుండా చేసిన పదార్థం కాదు. అరుదుగానే అయినా క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా లాంటివి సీలున్న డబ్బాలో కూడా ఉండొచ్చు, రెండు నెలల లోపు పిల్లలకు వాటితో ముప్పు ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 70 డిగ్రీల వేడి నీళ్ళలో కలపమంటుంది. థర్మామీటరు అక్కర్లేదు, ఒక లీటరు నీళ్ళు మరిగించి అరగంట దాటకుండా వాడితే ఆ వేడి ఉంటుంది. కలిపాక మూత పెట్టి సీసాను కుళాయి కింద పట్టి చల్లార్చి, చుక్క మణికట్టు మీద వేసుకుని చూసి పట్టండి. కలిపి బయట ఉంచినవి రెండు గంటల లోపే. నోరు పెట్టిన సీసాలో మిగిలినవి పారబోయాల్సిందే, నాకూ ప్రాణం ఉసూరుమనేది, ఏం చేస్తాం. డబ్బా తెరిస్తే నెలలోపు అవగొట్టాలి, కాబట్టి మొదట చిన్నది కొనండి. చేతిలో డబ్బులుంటే మొదటి రెండు నెలలు కలిపే పని లేకుండా ద్రవంగా వచ్చేది వాడొచ్చు, అందులో సూక్ష్మజీవులు ఉండవు. ఈ ఒక్క చోట ఎక్కువ ఖరీదుకు అర్థం ఉంది.

ఎంత పట్టాలి అంటే, పూర్తిగా డబ్బా పాలే అయితే కిలో బరువుకు రోజుకు 150 మిల్లీలీటర్ల చుట్టూ. మీరు మీ పాలూ ఇస్తున్నారు కాబట్టి ఆ లెక్క పట్టుకుని కూర్చోకండి. తల తిప్పేసుకుంటే, పెదాలు మూసేస్తే చాలించండి, సీసా ఖాళీ చేయించాలని చూడకండి, నేను అలా బలవంతంగా పట్టి బోలెడుసార్లు నా భుజం మీదే కక్కించాను. ఒక్కసారిగా అన్నీ సీసాకు మార్చకుండా రోజులో ఒక వేళ మారుస్తూ వెళ్తే మీ పాలు తగ్గవు, గడ్డకట్టి నొప్పి కూడా రాదు. డబ్బా పాలు మొదలయ్యాక విరేచనం రంగు మారుతుంది, ఆకుపచ్చగా కూడా ఉండొచ్చు, ఇనుము వల్ల, టెన్షన్ పడకండి. తాగాక కొంచెం కక్కడం, రెండు రోజులకోసారి దొడ్డికి వెళ్ళినా మెత్తగానే రావడం, ఇవి డబ్బా మార్చే కారణాలు కావు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవి వేరే: విరేచనంలో రక్తం లేదా జిగట, ఒంటి మీద దద్దుర్లు, తగ్గని ఎండుగజ్జి, ప్రతిసారీ ఎగజిమ్మినట్టు వాంతి, ఆకుపచ్చటి వాంతి, బరువు పెరగకపోవడం, రోజుకు ఆరు కంటే తక్కువసార్లు తడపడం. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల జ్వరం వచ్చినా ఆగొద్దు, పాలు తాగకుండా మగతగా ఉంటే అసలు ఆగొద్దు. ఆవుపాల మాంసకృత్తుల అలర్జీ నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఉంటుంది, దానికి వేరే ఫార్ములా ఉంది, కానీ అది డాక్టరు చూసి చెప్పాలి.

ఇవేమీ లేకుండా, దొరక్కో ఖరీదు వల్లో డబ్బా మార్చాల్సి వస్తే మార్చేయండి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు కలిపి అలవాటు చేయాలన్న నియమమేమీ లేదు. కొత్తదానికి వారం రెండు వారాలు టైమివ్వండి. పాత చెంచా మాత్రం పాత డబ్బాతోనే పారేయండి, కాడ ఎంత పొడుగున్నా సరే.