చిన్నోడి స్కూల్ గురించి, పెద్దమ్మ నుంచి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, చిన్నోడిని జూన్‌లో స్కూల్లో వేస్తున్నారంట, ఏసీ బస్సు ఉన్న పెద్ద స్కూలంట, "ఆటిజం అని ఇప్పుడే చెప్పం, సీటొచ్చాక చూద్దాం" అన్నావంట. మనోడు బ్యాగేసుకుని బడికెళ్తాడు అనగానే కళ్ళల్లో నీళ్ళొచ్చాయే, కానీ ఆ రెండో మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఇది టైప్ చేస్తున్నా.

వైకల్యం సర్టిఫికెట్, వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు రెడీ చేసుకో. స్కూలు ఇంటికి దగ్గర్లో ఉండాలి. క్లాసులో ఎంతమందో అడుగు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియంది మీ అన్నయ్య సంగతి. 1997లో వాడికి ఏడేళ్ళు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, ఇప్పుడు నీపిడ్ అంటున్నారే, ఇలాంటి పిల్లల్ని చూసే గవర్నమెంటు సంస్థ, అక్కడ చూపిస్తే బుద్ధిమాంద్యం అని కాగితం రాసిచ్చారు. నేనా కాగితాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టేసి, వాడికి నాలుగు రంగుల పేర్లు బట్టీ పట్టించి, "మాటలు కొంచెం లేటు మేడమ్, అంతే" అని చెప్పి మా ఊళ్ళో మంచి పేరున్న స్కూల్లో చేర్పించా. నెల తిరిగేసరికి నోటుబుక్కులు నిండిపోయాయి, గుండ్రటి అక్షరాలు, పేజీకో టిక్కు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించా, పాలబ్బాయికి కూడా. డాక్టర్లకేం తెలుసండీ అని మీ పెదనాన్నతో ఒకటే గొప్పలు. డిసెంబర్లో ఒకరోజు టిఫిన్ బాక్సు మర్చిపోతే ఇద్దామని వెళ్ళా. క్లాసులో లేడు. వరండాలో ఆయా పక్కన కూర్చుని అందరి చెప్పులూ జతలు జతలుగా సర్దుతున్నాడు, లోపల పక్కసీటు పాప తన బుక్కు పూర్తి చేసి వాడి బుక్కులో కూడా రాస్తోంది. నిక్కరు తడిసి ఎప్పుడో ఆరిపోయింది. వాడికి బాత్రూం వస్తే చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటాడు, ఆ సైగ నేను స్కూల్లో ఎవరికీ చెప్పలేదు బుజ్జీ, చెప్తే అసలు సంగతి బయటపడుతుందని. అరవైమంది పిల్లలతో ఆ టీచరమ్మ మాత్రం ఏం చేస్తుంది, "ముందే చెప్పుంటే బావుండేదండీ" అంది, అంతే. ఆవిణ్ణి నాలుగేళ్ళు తిట్టుకున్నా, ఇప్పుడు తిట్టుకోను.

అందుకే చెప్తున్నా, స్కూల్ చూడ్డానికెళ్తే ముందు బాత్రూం చూడు, నవ్వకు. గడియ వాడికి అందుతుందా, ఎవరు తీసుకెళ్తారు, ఆ ఆయమ్మతో రెండు నిమిషాలు మాట్లాడు, ప్రిన్సిపాల్ రూములో స్కూలు గెలిచిన కప్పులు తర్వాత లెక్కపెట్టొచ్చు. ఇంటర్వెల్ బెల్లు కొట్టే టైముకి వెళ్ళు, మనోడు గోలకి చెవులు మూసుకుంటాడు కదా, అలాంటప్పుడు వాణ్ణి ఎక్కడ కూర్చోబెడతారో అడుగు. స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారంటే వారానికెన్ని రోజులొస్తారో కనుక్కో, కొన్నిచోట్ల పేరు బోర్డు మీదే ఉంటుంది. షాడో టీచర్ని, అదే క్లాసులో మనోడి పక్కనే ఉండి చూసుకునే మనిషిని, మీరే పెట్టుకోండి అంటే జీతం ఒక్కటే లెక్క కాదు, షాడో వచ్చాక క్లాసు టీచర్ మనోడి వైపు చూస్తుందా లేదా అది చూడు.

ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఫ్రీగా చదువుకునే హక్కుంది, దగ్గర్లో మామూలు బడా స్పెషల్ స్కూలా అన్నది మన ఇష్టం. భవిత సెంటర్ కూడా ఒకసారి చూసిరా, గవర్నమెంటుదని మొహం తిప్పకు, ఐఈఆర్పీలనే స్పెషల్ టీచర్లు ఇలాంటి పిల్లల కోసమే ఉన్నారక్కడ. ఏసీ బస్సు దేనికే.

తిట్టాననుకోకు. మీ అత్తగారి వైపు వాళ్ళు ఏమంటారో అనే కదా నీ భయం, నాకు తెలీదా, ఆ భయంతోనే కదా నేను పట్టుచీరలు అడ్డం పెట్టింది. వాణ్ణి ఆరేళ్ళు ఇంత ముద్దుగా పెంచావ్, నీలో సగం ఓపిక కూడా నాకు లేదప్పుడు.

ఒక పని చెయ్. వాడికి దాహమేస్తే ఏం చేస్తాడు, భయమేస్తే ఏం చేస్తాడు, ఏ శబ్దం పడదు, బాత్రూంకి ఏ సైగ, అన్నీ ఒక పేజీలో రాసి నాకు వాట్సాప్ పెట్టు. శనివారం నేనూ అన్నయ్యా వస్తున్నాం, సోమవారం నీతోపాటు స్కూల్‌కి నేనూ వస్తా. కారప్పూస తెస్తున్నా. మీ ఆయన్ని స్టేషన్‌కి పంపు, ఆటోవాళ్ళతో నా వల్ల కాదు.

పెద్దమ్మ