ఇన్ఫర్మేషన్ అండ్ కమ్యూనికేషన్ డిగ్రీలో చేరబోతున్న మా అబ్బాయికి

నాన్నా,

నీకు సీటు వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. సబ్జెక్టుల లిస్టు చూసి కంగారు పడుతున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒక పక్క లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. ఇంకో పక్క సర్క్యూట్లు. తర్వాత ప్రోగ్రామింగ్, నెట్‌వర్కులు, డేటాబేస్‌లు. చివర్లో మనుషులు కంప్యూటర్లను ఎలా వాడతారనే దాని మీద ఒక కోర్సు. ఇన్ని కలిపితే అది ఒక డిగ్రీ ఎలా అవుతుంది, కంప్యూటర్ సైన్సే తీసుకోవాల్సిందేమో అని నీకు అనిపించడంలో తప్పేం లేదు. ఈ రంగంలో పనిచేసి, నీ వయసు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆ సబ్జెక్టులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఇక్కడున్న సమాచారం, పూర్తిగా నమ్మలేని దారి గుండా అక్కడికి చేరి, అక్కడి మనిషికి పనికి రావాలంటే ఏం చేయాలి? కొత్త సబ్జెక్టు మొదలైన ప్రతిసారీ, ఈ ప్రయాణంలో ఇది ఎక్కడ పనికొస్తుందని అడుగు. జవాబు దొరికితే సగం బరువు దిగిపోతుంది.

ఈ ప్రశ్నకు గణితంలో రూపం ఇచ్చినవాడు క్లాడ్ షానన్. 1948లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ రాసిన పేపర్‌లో ఆయన సమాచారాన్ని బిట్లలో, అంటే 0, 1 అనే అంకెల లెక్కలో, కొలిచి చూపించాడు. అప్పటిదాకా ఇంజినీర్లు, తప్పులు తగ్గాలంటే పంపే వేగం తగ్గించుకోక తప్పదనుకునేవాళ్లు. ప్రతి చానల్‌కీ, అంటే సమాచారం వెళ్లే ప్రతి దారికీ, ఒక వేగ పరిమితి ఉంటుందని, వేగం దానికి లోబడి ఉన్నంతవరకు తెలివైన కోడింగ్‌తో, అంటే బిట్లను తగినట్టు అమర్చి పంపడంతో, తప్పులను ఎంత తక్కువకైనా తేవచ్చని షానన్ రుజువు చేశాడు. ఈ సిద్ధాంతం నీకు మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో వస్తుంది. ఆ రోజు క్లాస్ మానకు. నేను ఎన్నిసార్లు పాఠం చెప్పినా, ఆ రుజువు దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అక్కడికి చేరాలంటే రెండో ఏడాది గట్టెక్కాలి. చాలామంది పిల్లలు చేతులెత్తేసేది సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ దగ్గరే. సిగ్నల్‌ను అందులోని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ సూత్రాలు బట్టీ పట్టి పరీక్ష రాసేస్తారు, సెలవుల్లో మర్చిపోతారు. నువ్వు అలా చేయకు. రెండు మూడు లెక్కలు చేత్తో చేశాక, నీ గొంతు రికార్డు చేసి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో దాని ఫ్రీక్వెన్సీలు గీసి చూడు. అదే రికార్డింగ్‌ను సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వనిని కొలిచిన సార్లు) నుంచి 8,000కి, ఆ తర్వాత 2,000కి దించి విను. 44,100 అనేది ఆడియో సీడీ లెక్క. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది కాబట్టి దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ తీసుకున్నారు. 8,000 అనేది డిజిటల్ టెలిఫోన్‌ది. ఒక్కో శాంపిల్‌కు 8 బిట్లు, అంటే సెకనుకు 64,000 బిట్లు. రెట్టింపు ఎందుకు కావాలో, ముందుగా ఫిల్టర్ పెట్టకుండా శాంపిళ్లు తగ్గిస్తే అసలు గొంతులో లేని స్వరాలు ఎలా పుట్టుకొస్తాయో ఒకసారి చెవితో విన్నావంటే ఆ పాఠం మళ్లీ చదవక్కర్లేదు.

ప్రాబబిలిటీని మాత్రం ఏ కారణం చేతా తేలిగ్గా తీసుకోకు. దారిలో కలిసే నాయిస్‌ను, అంటే సిగ్నల్‌ను చెడగొట్టే కలతను, వర్ణించడానికి మన దగ్గరున్న భాష అదొక్కటే. వైర్‌లెస్, కోడింగ్, మెషీన్ లెర్నింగ్ అన్నీ దాని మీదే నిలబడతాయి.

కోడింగ్ అంటే ఇక్కడ ప్రోగ్రాములు రాయడం అనుకోకు. సమాచారాన్ని కుదించడం ఒకటి, తప్పులు పట్టుకునేలా దానికి అదనపు బిట్లు జోడించడం ఇంకొకటి. మొదటిదానికి 1952లో వచ్చిన హఫ్‌మన్ కోడ్ చక్కటి ఆరంభం. రెండోదానికి 1950 నాటి హామింగ్ కోడ్. నాలుగు బిట్ల సమాచారానికి మూడు చెక్ బిట్లు కలుపుతారు. దారిలో ఒక బిట్ తారుమారైతే ఏది మారిందో కనిపెట్టి సరిదిద్దుతుంది. దీన్ని నువ్వే ప్రోగ్రాముగా రాసి, కావాలని ఒక బిట్ మార్చు. తర్వాత రెండు బిట్లు మార్చు. రెండోసారి అది ఎంతో ధీమాగా తప్పు జవాబిస్తుంది. ఏ రక్షణ అయినా ఎంతవరకు పనిచేస్తుందో కనుక్కునే అలవాటు ఇలాంటి చిన్న ప్రయోగాలతోనే వస్తుంది.

నెట్‌వర్కుల కోర్సులో మొదటి వారమే, నెట్‌వర్క్ పనిని అంచెలుగా విడదీసి చూపే పొరల బొమ్మ గీస్తారు. ఆ బొమ్మ బట్టీ పడితే ఏమీ రాదు. నీ లాప్‌టాప్‌లో నెట్‌వర్క్ రాకపోకలు చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రాము వేసుకుని, ఒక వెబ్ పేజీ తెరిచినప్పుడు ఏయే ప్యాకెట్లు (సమాచారపు చిన్న ముక్కలు) వెళ్తున్నాయో, ఏవి వస్తున్నాయో చూడు. నీ సొంత మెషీన్ మీద మాత్రమే సుమా, ఇతరుల ట్రాఫిక్ జోలికి వెళ్లకూడదు. పోయిన ప్యాకెట్‌ను టీసీపీ అనే పద్ధతి మళ్లీ పంపిస్తుంది. వీడియో కాల్‌లో మాత్రం ఆలస్యంగా వచ్చిన మాట ఎందుకూ పనికిరాదు, అందుకే అక్కడ ఎక్కువగా, పోయినదాన్ని తనంతట తాను మళ్లీ పంపని యూడీపీ అనే పద్ధతి వాడతారు. ఏది మేలన్నది అవతలి మనిషి అవసరాన్ని బట్టి ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఇక్కడే నేర్చుకో. భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట ఉన్నట్టు కనిపించే భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సిగ్నల్ పైకి వెళ్లి కిందికి రావడానికే దాదాపు పావు సెకను. ఎంత ఖరీదైన కంప్యూటర్ పెట్టినా ఆ పావు సెకను తగ్గదు. ఏ ఆలస్యం మన చేతకానితనం వల్ల, ఏది ప్రకృతి వల్ల అన్నది విడదీసి చెప్పగలిగినవాడే మంచి ఇంజినీరు.

ప్రోగ్రామింగ్ గురించి పెద్దగా చెప్పను, రోజూ కాస్త రాస్తే వచ్చేస్తుంది. ముందు సీ భాష నేర్చుకుంటే మెమరీ అంటే ఏంటో అర్థమవుతుంది. డేటాబేస్‌లలో కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో చెప్పిన రిలేషనల్ మోడల్, అంటే సమాచారాన్ని పట్టికలుగా దాచే పద్ధతి, ఇప్పటికీ పునాది. సెక్యూరిటీలో 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రచురించిన పద్ధతి చదువు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు, అందరూ వింటుండగానే ఒక రహస్యాన్ని తయారుచేసుకోవచ్చని అది చూపిస్తుంది.

మనుషుల గురించిన ఆ కోర్సుకు అంత తక్కువ క్రెడిట్లు ఇవ్వడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. షానన్ తన లెక్కలో అర్థాన్ని కావాలనే పక్కన పెట్టాడు. ఇంజినీరింగ్ సమస్యకు సందేశం అర్థంతో పని లేదన్నాడు, అది నిజం కూడా. కానీ బిట్లన్నీ క్షేమంగా చేరాక స్క్రీన్ ముందున్న మనిషికి ఏం చేయాలో తెలియకపోతే ఆ ప్రయాణం మధ్యలోనే ఆగినట్టు కదా! ఆ మిగిలిన దూరం ఈ కోర్సు చెబుతుంది. నువ్వు చేసిన యాప్‌ను కొత్తవాళ్ల చేతికిచ్చి, పక్కన కూర్చుని, నోరు మెదపకుండా చూడు. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకో. వివరించాలని నాలుక దురద పెడుతుంది, ఆపుకో. ఎవరి సమాచారం ఎంత సేకరించవచ్చు, ఎన్నాళ్లు దాచవచ్చు అన్న చర్చలు వచ్చినప్పుడు మార్కుల కోసం కాకుండా మనసు పెట్టి కూర్చో. రేపు ఆ నిర్ణయాలు నీ చేతిలోనే ఉంటాయి.

ఒక జాగ్రత్త. ఇదే పేరుతో ఒక చోట ఎలక్ట్రానిక్స్ ఎక్కువగా, ఇంకో చోట సాఫ్ట్‌వేర్ ఎక్కువగా, మరికొన్ని చోట్ల మీడియా చదువులు ఎక్కువగా చెబుతారు. పేరు చూసి నమ్మకుండా రెండు, మూడు ఏడాదుల క్రెడిట్లు లెక్కపెట్టుకో. నీ కోర్సులో ఏది తక్కువుందో దాన్ని ఎలెక్టివ్స్‌తో, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టులతో, పూరించుకో. మొదటి రెండేళ్లు సర్టిఫికెట్ల వెంట పడకు. టూల్స్ మారిపోతాయి, అప్పుడు నేర్చుకోవడానికి నెల చాలు. గణితానికి మాత్రం ఈ వయసే మంచిది. ఏఐతో కోడ్ రాయించుకోవాలనిపిస్తే, ముందు నీ అంతట నువ్వు ఒకసారి రాసి, తర్వాత పోల్చి చూసుకో.

చివరి ఏడాది ప్రాజెక్టుకు మొత్తం ప్రయాణం ఉన్న చిన్న పని ఎంచుకో. ఒక సెన్సార్ కొలవాలి, వైర్‌లెస్‌లో పంపాలి, డేటాబేస్‌లో దాచాలి, ఒక మనిషికి అర్థమయ్యేలా చూపించాలి. దూరం పెరిగే కొద్దీ ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయో కొలిచి గ్రాఫ్ గీయి. ఫలితాలు బాగా రాకపోయినా వచ్చినవి వచ్చినట్టే రిపోర్టులో పెట్టు. రిపోర్టు చివరి వారానికి వదిలేయకుండా పనితో పాటే రాస్తూ ఉండు.

మొదటి సెమిస్టర్ సిలబస్ చేతికి రాగానే ఫొటో తీసి పంపు. ఎలెక్టివ్స్ ఎంచుకునే గడువు ఎప్పుడో కనుక్కుని, దానికి వారం ముందు నాకు ఫోన్ చెయ్యి, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ