టీచర్స్ డేకి శాలువా, కేకు కాకుండా ఏం చేయొచ్చు?

మీరు చెప్పిన లెక్క ఇది: నల్లగొండ దగ్గర జడ్పీ హైస్కూలు, 180 మంది పిల్లలు, 11 మంది టీచర్లు, చేతిలో పైసలు పెద్దగా లేవు, ఏటా అదే కేకు, అవే శాలువాలు. పైగా పాత బ్యాచ్ వాళ్లు కూడా ఏదో చేస్తామంటున్నారు. ఈ లెక్కకు అన్నిటికన్నా బాగా సరిపోయేది పిల్లలు టీచర్లకు రాసే ఉత్తరాలు. చాలా బళ్లలో అది తూతూమంత్రంగా అయిపోతుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

"మీ టీచర్ గురించి రాయండి" అని వదిలేస్తే అందరూ ఒకటే రాస్తారు: మీరు చాలా మంచి టీచర్, మీరంటే నాకు ఇష్టం, హ్యాపీ టీచర్స్ డే. ముందు బెంచీలో రాసింది వెనక బెంచీ దాకా కాపీ అయిపోతుంది. అందుకే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసిపెట్టండి. ఈ సార్ లేదా మేడం చెప్పినవాటిలో నీకు బాగా అర్థమైన పాఠం ఏది, ఎలా చెప్పారు? ఇంతకుముందు రానిది ఏది ఇప్పుడు వస్తోంది? క్లాసు బయట నీ కోసం ఏమైనా చేశారా? ఇట్లా అడిగితే "భిన్నాలు కూడేటప్పుడు కింది అంకెలు ఎందుకు కలపొద్దో మీరు జొన్నరొట్టె తుంచి చూపించినప్పుడు తెలిసింది" లాంటి వాక్యం పడుతుంది. టీచర్ బీరువాలో దాచుకునేది అలాంటి కాగితాన్నే. తన పాఠంలో ఏ ముక్క పిల్లల బుర్రకెక్కిందో మార్కుల జాబితా చూస్తే తెలియదు కదా.

ఎవరికి నచ్చినవాళ్లకు వాళ్లు రాసుకోండి అని మాత్రం అనొద్దు. పీఈటీ సార్‌కు అరవై వస్తాయి, లెక్కల సార్‌కు నాలుగు. రోల్ నంబర్ల ప్రకారం పంచండి. టీచర్లకు 11 కట్టలు, మధ్యాహ్న భోజనం వండే అక్కలకూ అటెండర్‌కూ కలిపి పన్నెండోది. అప్పుడు కట్టకు సరిగ్గా 15 ఉత్తరాలు. పంచేటప్పుడు ఒకటి చూసుకోవాలి: పై తరగతులకే చెప్పే ఫిజికల్ సైన్స్ సార్ గురించి ఆరో తరగతి పిల్లాడికి రాయడానికి ఏమీ ఉండదు, వాడిని వేరే కట్టలో వేయండి. ఇష్టమైన టీచర్‌కు కూడా రాయాలనుకునేవాళ్లు రెండోది రాసి నేరుగా చేతికిచ్చుకోవచ్చు.

ఆగస్టు చివరి వారంలో ఒక్క పీరియడ్ చాలు. బాల్‌పెన్నుతో రాయించండి, జెల్ పెన్నయితే చెమట చెయ్యి తగిలి అలుక్కుపోతుంది. ఎడమవైపు అంగుళన్నర జాగా వదిలి ముందే గీత కొట్టించాలి, లేకుంటే ఫైలుకు పంచింగ్ చేసేటప్పుడు రంధ్రాలు సరిగ్గా మొదటి అక్షరాల మీదే పడతాయి. కింద పేరు, తరగతితో పాటు సంవత్సరం ఉండాలి. అందరూ మరిచిపోయేది అదే, తర్వాత ఎప్పుడైనా తీసి చూసేటప్పుడు ముందుగా వెతికేదీ అదే. కట్ట ఎవరిదో ఆ టీచర్ కాకుండా ఇంకొకరు ఒకసారి చదవాలి. ఎగతాళి ఉంటే తీసి పక్కన పెట్టండి, అక్షర దోషాలు మాత్రం దిద్దొద్దు. కొందరు ఇంటి కష్టం రాసేస్తారు: నాన్న తాగుడు, బడి మాన్పిస్తామన్న మాట. అలాంటిది స్టేజీ మీద చదవకూడదు. టీచర్‌కు విడిగా ఇచ్చి, ఆ పిల్ల సంగతి హెచ్‌ఎం కనుక్కోవాలి.

ఇక స్వపరిపాలన దినోత్సవం. మీరు ఎలాగూ చేస్తారు, మన దగ్గర ఏ బడీ మానదు. పదో తరగతి ఆడపిల్లలు తెల్లవారుజామున లేచి అమ్మ చీర కట్టుకుని రావడం, ఫొటోలు, మధ్యాహ్నానికి ముగింపు. ఇది కూడా టీచర్లకు గౌరవంగా మారాలంటే పాఠం నిజంగా జరగాలి. పదో తరగతి వాళ్లు ఆరు, ఏడు తరగతులకే చెప్పాలి. మూడు రోజుల ముందు పాఠం తీసుకుని సబ్జెక్టు టీచర్ దగ్గర కూర్చోవాలి. పీరియడ్ మొత్తం చెప్పమంటే పదిహేను నిమిషాలకే సరుకు అయిపోయి క్లాసు సంతలా తయారవుతుంది. కాబట్టి ఇరవై నిమిషాలు చెప్పడం, మిగతా సమయం బోర్డు మీద పిల్లలతో చేయించడం. టీచర్లంతా స్టాఫ్‌రూములో ఉండిపోకుండా ఒక్కో వరండాకు ఒకరు తిరుగుతుండాలి, ల్యాబ్‌కు ఆ రోజు తాళమే. చీర తప్పనిసరి చేయకండి, యూనిఫాం మీద బ్యాడ్జీ చాలు. సాయంత్రం సభలో టీచర్ల నడకనూ మాటనూ అనుకరించే స్కిట్ ఒకటి తప్పకుండా వస్తుంది. నత్తి, కుంటు, యాస జోలికి పోకుండా ముందే ఒకసారి చూసి వదలండి. దాని బదులు ఆ రోజు పాఠం చెప్పిన ప్రతి ఒక్కరూ లేచి "నాకు కష్టమైంది ఇది" అని ఒక నిమిషం చెప్తే సభ తీరే మారిపోతుంది.

సెప్టెంబర్ 5 ఒక్కటే పట్టుకుని కూర్చోవాల్సిన పని కూడా లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును 1962 నుంచి అలా జరుపుకుంటున్నాం, బాగానే ఉంది. కానీ ఆ రోజు సెలవు పడొచ్చు, 2025లో మిలాదున్నబీ పడ్డట్టు. వినాయక చవితి దగ్గరుంటే పూల ధరలకు రెక్కలొస్తాయి. ఒక్కో టీచర్‌కు ఒక్కో రోజు పెట్టుకుంటే ఒక్కరి మీదే శ్రద్ధ పెట్టొచ్చు: పీఈటీకి ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం. తెలుగు టీచర్‌కు సెప్టెంబర్ 9, కాళోజీ జయంతి. హిందీకి సెప్టెంబర్ 14, హిందీ దివస్. లెక్కలకు డిసెంబర్ 22, రామానుజన్ జయంతి. సైన్సుకు ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం. మేడమ్‌లందరికీ కలిపి జనవరి 3: సావిత్రిబాయి ఫూలే జయంతిని 2025లో మన తెలంగాణ ప్రభుత్వం మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. ప్రార్థన సమయంలో ఐదు నిమిషాలు, ఆ సబ్జెక్టు పిల్లలు ఇద్దరు మాట్లాడితే చాలు.

పిల్లల దగ్గర తలా పది, ఇరవై వసూలు చేయొద్దు. ఇవ్వలేని పిల్లలు ఆ రోజు బడికే రారు. పైగా సర్కారు టీచర్లకు విలువైన బహుమతులు తీసుకోవడానికి నిబంధనలు అడ్డం వస్తాయి. బడి కమిటీయో గ్రామస్థులో తప్పక బట్ట పెడతామంటే ఆ నైలాన్ శాలువా వద్దని చెప్పండి. మన ఎండల్లో దాన్ని కప్పుకునేవాళ్లెవరు? పోచంపల్లి కాటన్ కండువా, దుపట్టా లాంటివైతే వాడుకుంటారు. కొనేటప్పుడు తిరగేసి చూడండి: నూలుకే రంగు వేసి నేసింది కాబట్టి అసలు ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, వెనక వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన బట్ట. మొక్క ఇస్తామంటే టీచర్ ఇంటికి జాగా ఉందో లేదో అడిగి ఇవ్వండి. అద్దింట్లో ఉండే మేడమ్‌కు బత్తాయి మొక్క ఇస్తే ఆమె దాన్ని ఎక్కడ నాటాలి?

పాత బ్యాచ్ వాళ్ల ఆత్మీయ సమ్మేళనానికి చెప్పాల్సింది కొంచెమే. రిటైరైన సార్లు డెబ్బై దాటినవాళ్లు. వాళ్లను పదింటికి స్టేజీ ఎక్కించి మూడింటి దాకా కూర్చోబెట్టి, నలభై మంది నలభై శాలువాలు కప్పితే అది గౌరవమా, శిక్షా? బ్యాచ్ మొత్తం తరఫున ఒక్కటే కప్పాలి. తీసుకురావడానికీ దింపడానికీ కారు, చేతులున్న కుర్చీ, దగ్గర్లో బాత్రూం, షుగర్ ఉన్నవాళ్లకు పన్నెండున్నరకల్లా భోజనం. కాలం చేసినవాళ్లెవరో ముందే కనుక్కుని వాళ్ల ఇంటివాళ్లను పిలవండి. ఫంక్షన్ హాలు బదులు బడిలోనే పెట్టుకుని, ఆ క్లాసు గదిలో సార్‌తో పాత హాజరు పిలిపించండి; పేర్లు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటాయి, హెచ్‌ఎం అనుమతి కావాలి. బడికి ఏదైనా ఇస్తామంటే ఏం కావాలో హెచ్‌ఎంను అడగమనండి, ఇచ్చింది స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాలి.

జ్ఞాపికకో ఫ్లెక్సీకో పేర్లు వాట్సాప్‌లో పంపి వదిలేయకండి. చాలా షాపుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లే. మీరు ఫోన్లో కొట్టి పంపిన యూనికోడ్ అక్షరాలు అందులో చెదిరిపోతాయి, వాళ్లు మళ్లీ కొడతారు, ఒత్తులు మారిపోతాయి. ప్రింటుకు ముందు ఫొటో తెప్పించుకుని ఇంటిపేరుతో సహా ఇద్దరు సరిచూడాలి.

బడి తరఫున చేయాల్సింది ఇంకొకటుంది. టీచర్ బదిలీ అయ్యేటప్పుడు హెచ్‌ఎం లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాసివ్వాలి: ఏ తరగతికి ఏం చెప్పారు, బడి మానేసిన ఎంతమందిని తిరిగి తీసుకొచ్చారు, ఏ పోటీకి పిల్లలను తయారుచేశారు. "విశేష కృషి చేశారు" అనే ముక్క వద్దు, అది అందరికీ రాసేదే. తేదీ, ముద్ర ఉండాలి, ఒక కాపీ మండల విద్యాధికారికి (ఎంఈఓ) పోవాలి. జాతీయ ఉపాధ్యాయ అవార్డుకు 2018 నుంచి టీచర్లు తామే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పుడు, చేసిన పనికి ఆధారాలు అడుగుతారు, ఈ కాగితం అక్కడ పనికొస్తుంది.